ప్రజాస్వామ్యానికి పదికి ఎన్ని?

ఏటా ఒకసారి పేపర్లో వస్తుంటుంది చూడండి, ప్రపంచ దేశాల్లో ప్రజాస్వామ్యం ఆరోగ్యం ఎలా ఉందో చెప్పే జాబితా. ఏ దేశం పైకెక్కింది, ఏ దేశం కిందికి జారింది, మనం ఎక్కడున్నాం. ఆ రోజంతా ఫోన్లలో ఒకటే గోల. ఒకరు సిగ్గుచేటంటారు, ఇంకొకరు ఇదంతా గిట్టనివాళ్ల పని అంటారు. రెండు వైపులా పోట్లాడేవాళ్లలో ఒక్కరు కూడా అసలు ఆ మార్కులు ఎవరిని అడిగి వేస్తారని అడగరు. అడిగితే చెబుదామని నాకు నోరు దురదగా ఉంటుంది. అలాంటి లెక్కల్లో ఒకదాని కోసం తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగినవాళ్లలో నేనొకదాన్ని.

నాది సర్వే ఉద్యోగం. గవర్నమెంటుది కాదు, ప్రైవేటు కంపెనీది. డిగ్రీ అయ్యాక టీచరు ఉద్యోగం వచ్చేదాకా ఏదో నాలుగు నెలలు చేద్దామని చేరి, తల నెరిసేదాకా అందులోనే ఉండిపోయాను. సబ్బులు, టీ పొడి, టీవీ సీరియళ్లు, ఎరువులు, సెల్‌ఫోన్లు, జనం ఏది వాడితే దాని గురించి అడిగాను. మా నాన్న మిషన్ స్కూల్లో పంతులుగా చేసిన మనిషి. "ఊరి మీద పడి అడుక్కునే ఉద్యోగమే నీది" అని ఎత్తిపొడిచేవాడు. అడుక్కోవడం నిజమే. బియ్యానికి బదులు జవాబులు, అంతే తేడా. నాకు మాత్రం ఆ పని బాగా కుదిరింది. ఒకచోట కూర్చోవడం నాకు పుట్టుకతోనే చేతకాదు. కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరుగుతుందని మా అత్తగారు అనేది, మెచ్చుకుంటూ కాదు లెండి.

రిటైర్మెంటు దగ్గరపడిన రోజుల్లో హైదరాబాదు ఆఫీసు నుంచి మా సారు ఫోన్ చేశారు. "మేడమ్, ఈసారి సబ్బు కాదు, ప్రజాస్వామ్యం" అన్నారు. చాలా దేశాల్లో ఒకే రకం ప్రశ్నలు ఎవరి భాషలో వాళ్లని అడుగుతారట. ఆ జవాబులన్నీ ఒకచోట చేర్చి ఏ దేశంలో జనం ఎంత ధీమాగా ఉన్నారో తేలుస్తారట. మన వైపు ఊళ్లు కొన్ని అందులో పడ్డాయి. నేను సూపర్‌వైజర్‌ని. నా కింద ఇద్దరు.

ఒకతను నాతో పదేళ్లకు పైగా పనిచేసినవాడు, తెనాలి మనిషి. పని మహా వేగం. పొద్దున బండి వేసుకుని వెళ్తే మధ్యాహ్నానికి అన్నీ పూర్తి చేసి, హోటల్లో టిఫిన్ దగ్గర నాకు ఫోన్ చేసేవాడు. అతని ఇంటర్వ్యూల్లో ఎప్పుడూ తేడా రాదు. ఏ ఊరు పంపినా అతని ప్రజాస్వామ్యం ఏడుకీ ఎనిమిదికీ మధ్యలో ఆరోగ్యంగా ఉండేది. ఆఫీసుకు అతనంటే ప్రాణం.

రెండో మనిషి చెరుకుపల్లి వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. పిల్ల అని నేననడమే గానీ పెళ్లీడు దాటిందని ఇంట్లో గోల పెట్టే వయసే. వాళ్లమ్మ నాట్లకీ కోతలకీ వెళ్లి చదివించింది. ఈ సర్వే సరిగ్గా చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామని ఆఫీసువాళ్లు చెప్పారు. ఖాయమైతే తెనాలిలో ఒక గది తీసుకుని వాళ్లమ్మని పొలం పని మాన్పించాలని ఆ పిల్ల ఆశ. ఆ సంగతి నాకు మొదటి రోజే బస్సులో చెప్పేసింది. నాకు ఇలా మనసు విప్పేవాళ్లంటే ఇష్టమూ, భయమూ.

ప్రశ్నలు తెలుగులోనే ఉన్నాయి గానీ, ఏ తెలుగువాడూ ఏ తెలుగువాడినీ అలా అడగడు. "మీ దేశంలో ప్రజాస్వామ్యం పనిచేస్తున్న తీరు పట్ల మీరు ఏ మేరకు సంతృప్తి చెందుతున్నారు?" దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డు దగ్గర ఒక రైతు ఈ ప్రశ్న విని, చేతిలో ఉన్న పసుపు కొమ్ము పుటుక్కున విరిచి లోపల చూసుకున్నాడు. "పసుపైతే ఇట్టా విరిచి చూసి రేటు చెప్తానమ్మా. మీరడిగేదాన్ని ఎక్కడ విరవమంటారు?" అన్నాడు. బాపట్లలో ఒక రిటైర్డు గుమాస్తాగారు దేశం ఎలా పాడైపోయిందో టీ చల్లారిపోయేదాకా చెప్పి, చివరికి, "ఇదంతా మనలో మాటండి, మీరు మాత్రం మధ్యస్తంగా వేసెయ్యండి" అన్నారు. కొల్లూరు లంకలో ఒక ముసలమ్మ నా ముఖం పరీక్షగా చూసి, "ఓటుకొచ్చినోళ్లు మళ్లీ రాలేదు, నువ్వు వచ్చావు. ఆ పదీ నువ్వే వేసుకో తల్లీ" అంది.

ఇంట్లో ఎవరిని అడగాలో మా చేతిలో ఉండదు. పెద్దవాళ్లందరి పేర్లూ ట్యాబ్‌లో కొడితే అదే ఒకరిని ఎంచుతుంది. చీటీ తీసినట్టన్నమాట. వాళ్లనే అడగాలి, ఒంటరిగా అడగాలి. ఈ ఒంటరిగా అనే మాట రాసినవాళ్లు మన ఊళ్లెప్పుడూ చూసి ఉండరు. ఇంటికి ఎవరైనా వస్తే పక్కింటివాళ్లు రావడం మన దగ్గర మర్యాద, రాకపోతే ఏదో గొడవైందని అర్థం. ట్యాబ్ కోడలిని ఎంచితే అత్తగారు వచ్చి ముందు కూర్చునేది. "దానికేం తెలుసండి, నన్నడగండి." "ట్యాబ్‌కి మీ కోడలే కావాలటండి" అని నేను చెబితే ట్యాబ్ వైపు అదోలా చూసేది.

ఇంకొక ఆచారం మా పనివాళ్లది. ఊళ్లోకి వెళ్లగానే ముందు అక్కడి పెద్దమనిషిని కలిసి ఒక మాట చెప్పాలి. నేను చేరిన కొత్తలో చెప్పకుండా వెళ్లి, అప్పుల వసూలుకు వచ్చామనుకుని ఒక ఊళ్లో మమ్మల్ని తిరగగొట్టారు. ఇంకో ఊళ్లో మతం మార్చడానికి వచ్చామన్నారు. ఆ రోజుల నుంచీ ఇదే పద్ధతి. పెద్దమనిషి ఇంట్లో కాఫీ తాగితే ఊరంతా తలుపులు తెరుచుకుంటాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా. కొత్తవాళ్లందరికీ నేనే నేర్పాను, ఈ పిల్లకి కూడా.

అసలు కథ రేపల్లె దాటాక, ఏటిగట్టు వైపున్న ఒక ఊళ్లో. చుట్టూ రొయ్యల చెరువులు. చర్చి వెనక వీధిలో ఒక ఇంటావిడ ఇంటర్వ్యూ ఈ పిల్ల చేసింది. మనిషికి నలభై దాటి ఉంటాయి, భర్త లేడు, చెరువు పట్టుబడి, అంటే పెరిగిన రొయ్యల్ని వల వేసి బయటికి తీయడం, ఉన్నప్పుడల్లా వెళ్లి వాటిని ఏరే ముఠాలో కూలి పని. మా ప్రశ్నల్లో ఒకటి ఇది: "మీ ప్రాంతంలో జనం మనసులోని మాట భయం లేకుండా బయటికి చెప్పగలరా? సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి." ఆవిడ పది వేసింది. మిగతావాటికీ అంతే, అన్నీ బాగున్నాయంది. నూటికి నూరు తెచ్చుకున్న స్కూలు పిల్ల మార్కుల కాగితంలా ఉంది ఆ ఇంటర్వ్యూ.

సూపర్‌వైజర్లు కొన్ని ఇళ్లకు రెండోసారి వెళ్లి, కొన్ని ప్రశ్నలు మళ్లీ అడగాలి. మొదట వెళ్లినవాళ్లు నిజంగా అడిగారా, టీ కొట్టు దగ్గర కూర్చుని నింపేశారా అని చూడటానికి. తర్వాతి వారం నా వంతుకు ఆ ఇల్లే పడింది.

మిట్టమధ్యాహ్నం. వీధిలో మనిషి లేడు. ఆవిడ అరుగు మీద ఒంటరిగా కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, గోడకు ఆనించి ఉంది. "కుర్చీ ఏస్తానండి" అని లేవబోయింది. నాకు అరుగు చాలన్నాను. కాసేపు మా నాన్న బడి గురించీ, వాళ్ల చర్చి గురించీ మాట్లాడుకున్నాక ప్రశ్న అడిగాను. ఆవిడ ముందు వీధి అటు చూసింది, ఇటు చూసింది.

"రెండెయ్యండి" అంది.

"మొన్న పది చెప్పారటగా అమ్మా?"

"ఆ రోజు సంగతి వేరేనండి."

ఏం వేరో అడగాలనిపించింది. కానీ నా పని అడిగింది అడిగి రాసుకోవడం. రెండు అని నొక్కాను. మిగతా జవాబులు కూడా తారుమారయ్యాయి. ఆటోలో తిరిగి వస్తుంటే ఏదో పళ్లలో ఇరుక్కున్నట్టు ఒకటే అసహనం.

మర్నాడు పొద్దున్నే సారు ఫోన్. "మేడమ్, పది ఎక్కడ, రెండు ఎక్కడ? ఆ అమ్మాయి ఆ ఇంటికి వెళ్లలేదు."

"వెళ్లింది సార్. ట్యాబ్‌లో ఆ ఊరి గుర్తు ఉందిగా."

"ఊళ్లో ఉందని ఉంది. ఇంట్లో ఉందని ఎవరు చెప్పారు? రికార్డింగు కూడా లేదు."

రికార్డింగుకు ఆవిడ ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోతే చేయకూడదని రూలు పెట్టింది కూడా ఆఫీసే. చెప్పాను. సారు వినలేదు. ఆ పిల్ల చేసిన ఇంటర్వ్యూలన్నీ కొట్టేస్తామనీ, ఆమెను ఇంక పంపొద్దనీ అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, మా ఉద్యోగాల్లో ఫోన్ చేసినవాడికి ఎత్తినవాడు లోకువ.

ఆ పిల్లను రేపల్లె బస్టాండుకు రమ్మన్నాను. సంగతి చెప్పగానే కళ్లనిండా నీళ్లు. ఏడుపు కన్నా కోపం ఎక్కువ ఉంది అందులో.

"నేను అడిగానండి అక్కా. ఒక్కోటీ రెండేసి సార్లు అడిగాను. ఆవిడ చెప్పిందే కొట్టాను."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"పెద్దాయన ఉన్నారండి."

ఊళ్లో పెద్దమనిషి, చుట్టుపక్కల చెరువుల్లో సగం ఆయనవి. నేను నేర్పినట్టే ఈ పిల్ల ముందు ఆయన ఇంటికి వెళ్లింది. ఆయన కాఫీ ఇప్పించి, ఆడపిల్లవి ఒక్కదానివే ఎందుకు తిరగడం, ఇళ్లు నేను చూపిస్తానని వెంట వచ్చాడు. మర్యాదస్తుడే. ఆ ఇంటావిడ ఆయన్ని చూడగానే ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చుని బత్తాయి ఒలుచుకుని తింటూ, ఈ పిల్లకి కూడా రెండు తొనలు పెట్టాడు.

"ఏమన్నా మాట్లాడాడా?"

"ఒక్క ముక్క కూడా లేదండి. ట్యాబ్‌లో 'ఎవరైనా జోక్యం చేసుకున్నారా' అనుంది గదండి. చేసుకోలేదు గదా, అందుకే లేదని కొట్టాను."

"లేచి వెళ్లమనకపోయావా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. "ఎట్టా అంటానండి? వాళ్లింట్లో కాఫీ తాగొచ్చి? మీరే గదా అక్కా, ముందు పెద్దాయన్ని కలవమన్నది?"

బస్టాండులో ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగైదు సార్లు నడిచాను. మా తెనాలి అతనికి ఫోన్ చేస్తే నిదానంగా విని, "నువ్వు ఆ రోజే పదికి పది కొట్టేస్తే పోయేదక్కా. ఎవరికి నొప్పి? ప్రపంచంలో ఇన్ని దేశాలుండగా, ఆ లెక్క వచ్చి మన చర్చి వీధి దగ్గరా ఆగేది?" అన్నాడు. తప్పని కూడా అనలేకపోయాను. నేను నిజం నొక్కినందుకే ఈ పిల్ల కూడు పోతోంది. అబద్ధం నొక్కి ఉంటే అందరం హాయిగా ఉండేవాళ్లం. అప్పటిదాకా నేను ప్రజాస్వామ్యం గురించి పెద్దగా ఆలోచించిన మనిషిని కాదు. ఆ పూట బస్టాండులో మాత్రం దాని మీద నాకు పీకలదాకా కోపం వచ్చింది.

మళ్లీ సారుతో పోట్లాడాను. ఆఖరికి ఒక దారి ఇచ్చారు. ఆ ఇంటావిడతో రేపు ఆయనే స్వయంగా ఫోన్లో మాట్లాడతారు. పిల్ల వచ్చిందనీ, అన్నీ అడిగిందనీ ఆవిడ చెబితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే లేదు.

మర్నాడు ఇద్దరం షేర్ ఆటోలో వెళ్లాం. ఈసారి పెద్దమనిషి ఇంటి వైపు వెళ్లకుండా చర్చి వెనక నుంచి తిరిగి వెళ్లాం, దొంగల్లాగ. ఆవిడకు విషయమంతా దాచకుండా చెప్పాను. మీరు ఏది చెప్పినా ఇబ్బంది మీకే రావచ్చు, వద్దంటే ఇప్పుడే లేచి వెళ్లిపోతామని కూడా అన్నాను. ఆవిడ పిల్లను పైనుంచి కిందికి చూసింది.

"మీ అమ్మ ఏం చేస్తదమ్మా?"

"కూలికెళ్తదండి. నాట్లకి, కలుపుకి."

"ఊఁ" అంది. తర్వాత నాతో, "పిల్ల వచ్చిందని చెప్పడానికి నాకేంటండి? వచ్చిందిగా. చెప్తాను" అంది.

ఫోన్ కోసం ఎదురుచూస్తున్నాం. వీధి చివర మోటారు సైకిల్ చప్పుడైంది. ఊళ్లో కొత్త చెప్పులు తిరిగినా తెలిసిపోతుంది, మేం ఎటునుంచి వస్తే మాత్రమేంటి? పెద్దాయన బండి దిగి, తెల్లచొక్కా సర్దుకుంటూ, "ఏంటమ్మా, మా ఇంటికి రాకుండా ఇటే వచ్చేశారు? మా వాళ్లు కాఫీ పెట్టేవాళ్లు గదా" అన్నాడు. నిష్ఠూరమే గానీ నవ్వుతూనే.

ఆవిడ చేయి తుడుచుకుని లేచింది. అలవాటు అంత తొందరగా పోతుందా? ఎర్ర కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది.

ఫోన్ ఆవిడకు ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని, "సరిగ్గా ఇనపడతల్లేదండి, బైటికి పెట్టండి" అంది. స్పీకర్ నొక్కక తప్పలేదు. సారు గొంతు ఆ వాకిట్లో, న్యూస్ చదువుతున్నట్టు, స్పష్టంగా వినపడింది.

"అమ్మా, మా అమ్మాయి మీ ఇంటికి వచ్చిందా?"

"వచ్చిందండి."

"ప్రశ్నలన్నీ అడిగిందా?"

"అన్నీ అడిగిందండి. ఓపిగ్గా అడిగింది. మంచినీళ్లు కూడా తాగలేదు."

పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. అక్కడితో ఆగిపోతే చాలని నేను దేవుణ్ణి తలుచుకున్నాను. సారు ఆగలేదు. చదువుకున్నవాళ్లతో వచ్చిన చిక్కే అది, ఇంకొక్క ప్రశ్న అడుగుతారు.

"మరి, భయం లేకుండా మాట్లాడగలరా అన్నదానికి మా అమ్మాయికి పది చెప్పారు, మేడమ్‌కి రెండు చెప్పారు. ఏది నిజమమ్మా?"

వాకిట్లో ఎవరం కదల్లేదు. కాదు, నేను కదిలాను. నాకు నిలబడటం కూడా చేతకాలేదు. ఫోన్ లాక్కుని, నేనే తప్పు విన్నాను సార్ అని చెప్పేద్దామని రెండడుగులు వేశాను. ఆవిడ చేయి పైకెత్తి నన్ను ఆపింది. పెద్దాయన వైపు చూడలేదు, ఫోన్ వైపే చూస్తోంది.

"రెండేనండి" అంది.

"మరి ఆ రోజు పది ఎందుకు చెప్పారు?"

"ఆ రోజు కుర్చీలో బాబుగారు కూర్చునున్నారండి."

సారు ఏదో అనబోయారు. ఆవిడ మాట ఇంకా పూర్తికాలేదు.

"ఇప్పుడు కూడా కూర్చునే ఉన్నారండి."

సారు చిన్నగా, "సరేనమ్మా, థాంక్స్" అని పెట్టేశారు.

పెద్దాయన ముఖంలో నేను అనుకున్న కోపం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనేమన్నా అన్నానా అసలు? వీళ్ల ముందు చెప్పు. ఎప్పుడన్నా నిన్నొక మాట అన్నానా?"

"అన్లేదండి" అంది ఆవిడ. "మీరు ఎవర్నీ ఏమీ అనరండి. పట్టుబడికి పిలవడం మానేస్తారు, అంతేనండి."

ఆయన లేచాడు. తర్వాత ఆయన చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. నా వైపు తిరిగి, హాయిగా నవ్వి, "చూశారా మేడమ్? నా ఎదురుగానే నన్నంటోంది. ఇంతకన్నా స్వేచ్ఛ ఏ దేశంలో ఉంటదండి? ఇది రాసుకోండి" అన్నాడు. బండెక్కి వెళ్లిపోయాడు.

పిల్ల ఉద్యోగం నిలబడింది. తర్వాత ఖాయం కూడా అయింది. తెనాలిలో గది తీసుకుంది, వాళ్లమ్మ మాత్రం ఊరు కదిలి రానందట. అది వాళ్లిద్దరి తగువు.

ఆ ఇంటర్వ్యూ సంగతి సారుని అడిగాను. ఒకే మనిషి రెండు రకాలుగా చెప్పినది నమ్మదగినది కాదు, పైగా పక్కన ఇంకొకరు ఉన్నారు, కాబట్టి మొదటిదీ వద్దు రెండోదీ వద్దు, ఆ ఇల్లే తీసేసి ఇంకో ఇల్లు తీసుకోండి అన్నారు. రూలు ప్రకారం సరైనదే. కొలిచేవాళ్లు అలాగే ఉండాలి, లేకపోతే కొలతకి విలువ ఉండదు. నేను వాదించలేదు. ఇంకో ఇంటికి మా తెనాలి అతన్ని పంపారు. మధ్యాహ్నానికల్లా ఎనిమిది తెచ్చాడు.

"ఎక్కడ కూర్చుని అడిగావు?" అన్నాను.

"పెద్దాయన వరండాలో అక్కా. వాళ్లని అక్కడికే పిలిపించారు. ఫ్యాను ఉంది."

అప్పటి నుంచీ కొత్తవాళ్లకు నేను చెప్పే మాట మారింది. పెద్దమనిషికి కబురు చెప్పండి, కాఫీ మాత్రం తాగొద్దు అని. సగం మంది పాటించలేదు. ఎండలో తిరిగి వచ్చిన వాళ్లను కాఫీ వద్దనడం ఎవరి తరం?

రిటైరయ్యాను. ఆ సర్వే ఫలితాలు ఎప్పుడో వచ్చే ఉంటాయి, ఏ జాబితాలో ఏ గడిలో కలిసిపోయాయో నాకు తెలియదు. కానీ పేపర్లో అలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఇంట్లో ఉండలేకపోయేదాన్ని. నేను అడిగిన ప్రశ్నకి నిజం చెప్పిన మనిషి దానికి ఏం మూల్యం చెల్లించిందో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే భయం. తెలుసుకోకపోతే నిద్ర పట్టదు. ఒకరోజు మా ఆయన, "అలా గదుల్లో తిరిగే బదులు ఆ రేపల్లె బస్సే ఎక్కరాదా" అని విసుక్కున్నాడు. ఎక్కాను.

అదే వీధి. ఆవిడ అరుగు ముందు ఎర్ర కుర్చీలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టి, కుర్చీ ఇవ్వడానికి లేవబోయింది. భుజం పట్టుకుని కూర్చోబెట్టేశాను. నేను అరుగు మీద కూర్చున్నాను.

ఆ సీజనంతా పట్టుబడికి తనను పిలవలేదని చెప్పింది. ఎవరూ ఏమీ అనలేదట. పొద్దున్నే ముఠా ఆటో వచ్చేది, ఈవిడ ఇంటి ముందు ఆగకుండా పోయేది. ఇప్పుడు తెల్లవారకుండా లేచి నిజాంపట్నం వైపు రొయ్యల షెడ్డుకి వెళ్తోంది. దూరం, నడుము నొప్పి. వీధిలో ఇద్దరు ఆడవాళ్లు కూడా ఈవిడ వెంట అక్కడికే వస్తున్నారట. "ఆళ్లనెవురూ మానిపించలేదండి, ఆళ్లే వచ్చారు" అంది.

నాకు ఏడుపొచ్చింది. "నా మూలానే కదమ్మా" అన్నాను. ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీస్తూ, "మీరు అడిగారు, నేను చెప్పాను. మూలాలేంటండి మధ్యలో" అంది. తర్వాత అడిగింది, ఇన్నాళ్లూ అడగాలని ఉంచుకున్నట్టుంది.

"ఆ రోజు ఫోన్లో నేను చెప్పింది రాసుకున్నారా అండి?"

ముప్పై ఏళ్లకు పైగా ఎంతోమంది గుమ్మాలెక్కాను. ఇలా ఎదురు ప్రశ్న వేసినవాళ్లు లేరు. రాసుకున్నాం అంటే ఆవిడ సంతోషిస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదమ్మా. రెండు రకాలుగా చెప్పారని తీసేశారు. పదీ లేదు, రెండూ లేదు."

ఆవిడ చేతులు ఆగాయి. చాట పక్కన పెట్టింది.

"అయితే మళ్లీ అడగండి" అంది.

"నేను రిటైరయ్యానమ్మా. ట్యాబ్ లేదు, ఏమీ లేదు. నేను అడిగినా అది ఎక్కడికీ పోదు."

"పోకపోతే పోనీండి. అడగండి."

అడిగాను. ప్రశ్న నాకు ఇంకా కంఠతా ఉంది, ట్యాబ్‌లో ఉన్న ఆ పుస్తకాల తెలుగులోనే అడిగాను. మీ ప్రాంతంలో జనం మనసులోని మాట భయం లేకుండా బయటికి చెప్పగలరా, సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి. ఆవిడ ఈసారి వీధి అటూ చూడలేదు, ఇటూ చూడలేదు. ఎదురింటి గుమ్మంలో ఇద్దరు నిలబడి వింటున్నారని నేనే గమనించాను.

"నాలుగెయ్యండి."

"మొదట నాతో రెండే అన్నారు గదమ్మా? పట్టుబడికి కూడా పిలవడం మానేశారు. ఇంకా తగ్గాలి గదా?"

"అప్పటికి నేనింకా నోరిప్పలేదు గదండి" అని, ఆవిడ మళ్లీ చిక్కుళ్లు ఒలవడం మొదలుపెట్టింది.